అమ్మలూ, ఫోను ఎత్తడం లేదేం?

పర్లాకిమిడి,
ఆదివారం

అమ్మలూ,

ఇక్కడ అందరం బాగున్నాం. మహేంద్రతనయలో నీళ్లు తగ్గాయి. మీ అమ్మ డాబా మీద చల్లమిరపకాయలు ఎండబెట్టింది. నువ్వు ఫోను ఎత్తి ఇవాళ్టికి 19 రోజులు. అన్నం వేళకి తింటున్నావా?

పక్కింటి మహంతి గారి అబ్బాయికి భువనేశ్వర్‌లో ఉద్యోగం వచ్చింది. మొన్న శైలు ఫోనులో నోరు జారింది, నువ్వు జన్యు పరీక్షకి రక్తం ఇచ్చావట. కోపం లేదు తల్లీ. నాతో ఒక్క మాట అనాల్సింది.

నేనూ నీకు చెప్పని సంగతి ఒకటుంది. 2009లో మీ చిన్నత్తని విశాఖ తీసుకెళ్లాను. పాతపట్నం దాటేదాకా మాట్లాడలేదు. పులిహోర పొట్లం ఒళ్లోనే ఉంది, విప్పలేదు. "అన్నయ్యా, నా పిల్ల శైలుకి తెలియనివ్వకు" అని మాత్రం అంది. డాక్టరు కాగితం మీద మగవాళ్లకి చదరాలు, ఆడవాళ్లకి సున్నాలు గీసి, "ఇంట్లో ఇంకెవరికైనా క్యాన్సర్ వచ్చిందా?" అని అడిగాడు. లేదన్నాను. మా అమ్మ 44 ఏళ్లకే కడుపులో నీరు పట్టి పోయింది. అది అండాశయం క్యాన్సరని బరంపురం డాక్టరు నాతోనే చెప్పాడు. ఆడపిల్లల సంబంధాలు చెడతాయని దాచాను. చిన్నత్త నా వైపు చూసింది, ఏమీ అనలేదు. 39 ఏళ్లకి తనూ వెళ్లిపోయింది.

శైలు చెప్పిన మర్నాడే బరంపురం వెళ్లి, తెలిసిన డాక్టరమ్మ దగ్గర రెండు గంటలు కూర్చున్నాను. అమ్మది కడుపు జబ్బు, చెల్లిది రొమ్ము జబ్బు, రెంటికీ సంబంధం లేదనుకునేవాణ్ణి. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో ఒకటి చెడితే రెండూ రావచ్చట. ఆడవాళ్ల జబ్బు కదా, నా ద్వారా నీకెలా వస్తుందనుకున్నాను. తండ్రి నుంచీ వస్తుందట. అమెరికాలో మేరీ క్లేర్ కింగ్ అనే ఆవిడ, చిన్న వయసులోనే రొమ్ము క్యాన్సర్ వచ్చిన కుటుంబాల వివరాలు కూడగట్టి, 1990లో 17వ క్రోమోజోమ్ మీద మొదటి జన్యువు ఉన్న చోటు పట్టుకుంది. ఆ కుటుంబాలవాళ్లు నాలా దాచి ఉంటే ఆవిడకి ఏం దొరికేది?

రొమ్ము క్యాన్సర్లలో వందకి 5 నుంచి 10 మాత్రమే ఇలా వంశంలో వచ్చేవి. రిపోర్టులో మార్పు ఉందని వచ్చినా అది జబ్బు వచ్చినట్టు కాదు, ప్రమాదం ఎక్కువని. రొమ్ముకైతే ఏటా ఎంఆర్‌ఐ తీయించుకుంటూ కనిపెట్టుకుని ఉండొచ్చు. అర్థం తేలని మార్పు అని రాస్తే దాన్ని చూసి ముందుజాగ్రత్త ఆపరేషన్ దాకా వెళ్లకు. రాత్రిళ్లు ఫోనులో ఇవే చదువుతూ కూర్చోకు, కళ్లద్దాలు పెట్టుకో. శైలుని కూడా డాక్టరుకి చూపించాలి, అది నీ మాటే వింటుంది.

అసలైతే జబ్బు వచ్చినవాళ్లకి ముందు పరీక్ష చెయ్యాలట. వాళ్లిద్దరూ లేరు, మిగిలింది నేనే. నాలో ఆ మార్పు లేకపోతే నా వైపు నుంచి నీకు రాదు. ఉంటే నీకు వచ్చే అవకాశం సగం, అప్పుడు నీ రక్తంలో ఏం వెతకాలో డాక్టరుకి కచ్చితంగా తెలుస్తుంది. మా అమ్మ సంగతి, చిన్నత్త సంగతి, వయసులతో సహా వేరే కాగితం మీద రాసి జతచేశాను. డాక్టరుకి చూపించు.

వచ్చే శుక్రవారం పలాసలో బండి ఎక్కుతున్నాను. స్టేషనుకి రావద్దు, ఆటోలో వస్తాను. చల్లమిరపకాయలకి డబ్బా కడిగి ఆరబెట్టి ఉంచు, తడి ఉంటే బూజు పడుతుంది.

నాన్న