మా అమ్మ మెడలో గొలుసు నిలబెట్టిన వీధికి కృతజ్ఞతలు

రాజమండ్రిలో అమ్మ ఉండే వీధి పేరు ఇక్కడ రాయడం లేదు. ఒంటరిగా ఉండే పెద్దావిడ చిరునామా ఊరంతటికీ చెప్పడం ఎందుకు? మనుషుల పేర్లూ రాయను. అయినా ఆ వీధివాళ్ళు చదివితే ఎవరి సంగతో ఇట్టే పోల్చుకుంటారు. మొన్న శుక్రవారం అమ్మ నాలుగు కాసుల గొలుసు దొంగల చేతికి వెళ్ళబోయి ఆగింది. అది వాళ్ళ చలవే.

మిట్టమధ్యాహ్నం ఇద్దరు మగవాళ్ళు వచ్చారు. నలగని చొక్కాలు, మెడలో కార్డులు, భుజాన సంచి. ఇత్తడి సామాను తోమే కొత్త పొడి అనీ, కంపెనీ ప్రచారం అనీ, డబ్బులు అక్కర్లేదనీ చెప్పారు. అమ్మ గ్రిల్లు తీయలేదు. "ఒక్క కుంది ఇవ్వండమ్మా, ఇక్కడే మెట్ల మీద తోమి చూపిస్తాం" అన్నారు. ఊచల సందులోంచి ఇచ్చింది. నిగనిగలాడేలా తోమి ఇచ్చారు. తర్వాత వెండి కుంకుమ భరిణె. అదీ తళతళలాడింది. వాళ్ళ విద్యంతా ఈ వరసలోనే ఉంది. ముందు ఇత్తడి, తర్వాత వెండి, ఆ తర్వాత బంగారం. మొదటి రెండూ నిజంగానే శుభ్రం చేస్తారు, పైసా అడగరు. ఊరికే పని చేసిపెట్టినవాళ్ళను ఎండలో నిలబెట్టి "ఇక వెళ్ళిరండి" అనడం అమ్మ తరానికి చేతకాదు. మంచినీళ్ళు ఇవ్వడానికి గ్రిల్లు తీసింది.

వేలికున్న ఉంగరం అడిగి, ప్లాస్టిక్ గిన్నెలో ఏదో పోసి ముంచారు. లేత పసుపు రంగు నీళ్ళు, ముక్కు పట్టేసే ఘాటు వాసన అంది అమ్మ. ఉంగరం మెరిసింది. ఇక గొలుసు. దాన్ని ముంచి తీశాక పసుపు నీళ్ళ గిన్నెలో వేసి, మూతపెట్టి పొయ్యి మీద పెట్టాలట, చల్లారేదాకా మూత తీయకూడదట. చల్లారేలోగా వాళ్ళు ఊరు దాటేస్తారన్నమాట. అమ్మ చెయ్యి అప్పటికే మెడ వెనక కొక్కెం మీదికి వెళ్ళింది.

ఎదురింటి అత్తయ్యగారు డాబా మీద వడియాలు పెడుతున్నారు. "వదినగారూ, ఎవరండీ వాళ్ళు?" అని పైనుంచే కేకేశారు. ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. చిన్నప్పుడు ఆ గొంతును అనుకరించి మేం నవ్వుకున్న మాట నిజం. "ఏదో మెరుగు పెడతారటండీ" అంది అమ్మ. "మెరుగూ లేదు, మన్నూ లేదు! గొలుసు ముట్టుకోకండి, వస్తున్నా!" అంటూ పిండి చేతులతోనే దిగారు. దిగుతూ మూల మీద ఇస్త్రీ బండి అతన్ని కూడా పిలిచారు.

అతను వచ్చి గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. చెయ్యెత్తలేదు, గొంతు పెంచలేదు. "ఏ కంపెనీ అన్నా? ఆఫీసు ఎక్కడ? నంబరు చెప్పండి, ఇప్పుడే ఫోన్ చేసి అడుగుదాం" అన్నాడంతే. కార్డుల మీద ఫొటో, పేరు ఉన్నాయి గానీ చిరునామా లేదు, ఫోన్ నంబరు లేదు. ఒకడు "పొడి బండిలో ఉంది, తెస్తా" అని బయటికి జారుకున్నాడు. రెండోవాడు గిన్నె, సంచి అక్కడే వదిలేసి వాడి వెనకే పరుగు. మేడ మీద అద్దెకుండే డిగ్రీ అమ్మాయి అప్పటికే బండి ఫొటో తీసి 112కి ఫోన్ చేసేసింది. ఆ బండి మీదున్న నంబరు వేరెవరిదో స్కూటరుదని తర్వాత తేలింది.

గుమ్మం పైన నేను పెట్టించిన కెమెరా కూడా ఉంది. దాని పని అది చేసింది. రెండు హెల్మెట్లు, ఒక సంచి, చాలా స్పష్టంగా రికార్డయ్యాయి.

స్టేషన్ నుంచి వచ్చిన హెడ్ కానిస్టేబుల్ గారికి విడిగా నమస్కారం పెట్టాలి. అప్పటికే బంధువులు వరసగా ఫోన్లు చేసి "తలుపు ఎందుకు తీశావు" అని అమ్మను నిలదీస్తున్నారు. ఆవిడ బిక్కచచ్చిపోయి ఉంది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, "ఇందులో మీ తప్పేం లేదమ్మా, వాళ్ళకిది రోజూ చేసే పని, మీకు మొదటిసారి" అన్నారట. సాయంత్రం నాతో ఫోనులో అమ్మ మొదట చెప్పింది ఈ మాటే, గొలుసు సంగతి తర్వాత. గిన్నె, సంచి తీసుకెళ్ళి కేసు రాశారు. జనం నోట ఇంకా ఫోర్ ట్వంటీయే గానీ, 2024 జూలై 1 నుంచి మోసానికి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 318. దొరికారా అంటే, ఇంకా లేదు.

మర్నాడు అత్తయ్యగారే అమ్మను తోడు తీసుకుని బజారులో తెలిసిన కంసాలి దగ్గరికి వెళ్ళారు. బిల్లులో నాలుగు గ్రాములున్న ఉంగరం మూడున్నర దగ్గర తూగింది. ఆకారం అదే, మెరుపు ఇంకాస్త ఎక్కువ, తగ్గింది బరువే. ఆయన చెప్పింది మీకూ పనికొస్తుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం మూడు పాళ్ళు, నైట్రిక్ ఆమ్లం ఒక పాలు కలిపితే ఆక్వా రీజియా. విడివిడిగా ఆ రెండింటికీ లొంగని బంగారం ఈ కలయికలో కరిగిపోతుంది. కరిగింది ఎక్కడికీ పోదు, ఆ నీళ్ళలోనే ఉంటుంది. వాళ్ళు నీళ్ళు పట్టుకుపోయి మళ్ళీ బంగారంగా రాబట్టుకుంటారు. మనకు మిగిలేది మెరిసే సన్నని గొలుసు. ఇంట్లో నగ శుభ్రం చేసుకోవాలంటే కుంకుడుకాయ రసం, మెత్తని బ్రష్షు చాలన్నారు. తూచినందుకు డబ్బులు తీసుకోలేదు.

ఇప్పుడు మా వీధిలో ఒక అలవాటు మొదలైంది. తెలియనివాళ్ళు ఎవరొచ్చినా మాటలు గ్రిల్లు ఇవతలి నుంచే. గ్యాస్ పైపు చూస్తామనేవాళ్ళు వస్తే, గ్యాస్ పుస్తకంలో ఉన్న ఏజెన్సీ నంబరుకు ఫోన్ చేసి "మనిషిని పంపారా" అని అడిగాకే తాళం తీయడం. నిజంగా ఏజెన్సీ పంపిన మనిషైతే ఐదు నిమిషాలు బయట నిలబెట్టినా ఏమీ అనుకోడు. కోప్పడి తొందరపెట్టేవాడి మీదే నాకు అనుమానం. అమ్మకు ఇదంతా మర్యాద తక్కువ పనిలా అనిపిస్తోంది. "మంచినీళ్ళు కూడా ఇవ్వకూడదా" అని అడిగింది. ఇవ్వవచ్చు, సీసాతో, ఊచల సందులోంచి.

అత్తయ్యగారూ, ఆ రోజు మీ వడియాల పిండి ఎండిపోయి పాడైందట. అమ్మ చెప్పింది. మీ కేకకు మా ఇల్లు జన్మంతా రుణపడి ఉంటుంది. మేడ మీది చెల్లెమ్మా, పరీక్షల మధ్యలో స్టేషనుకు వచ్చి వాంగ్మూలం ఇచ్చావు, మరిచిపోను. కంసాలి గారికీ, హెడ్ కానిస్టేబుల్ గారికీ వచ్చే నెల వచ్చినప్పుడు స్వయంగా కలిసి చెబుతాను.

ఇస్త్రీ బండి తమ్ముడికి ఏదైనా ఇద్దామంటే పుచ్చుకోలేదు. గట్టిగా అడిగితే, మూల మీద స్తంభానికి దీపం వెలగడం లేదు, అది వేయించండి, రాత్రి ఎనిమిది దాటితే ఎవరొస్తున్నారో కనిపించడం లేదు అన్నాడు. అర్జీ రాసి పంపాను. ఆదివారం పొద్దున అత్తయ్యగారి అరుగు మీద కాగితం ఉంటుంది, వీధివాళ్ళందరూ దయచేసి సంతకాలు పెట్టండి.