పార్లర్లో బొటాక్స్ సూదులా?

సంపాదకునికి,

మొన్న కనుబొమలు చేయించుకుందామని మా నల్లగొండలోనే ఒక పార్లర్‌కు వెళ్లాను. "మేడం, నుదుటి మీద గీతలు కనబడుతున్నాయి, బొటాక్స్ వేద్దామా? పది నిమిషాల పనే" అన్నారు. వేసే డాక్టర్ ఎవరని అడిగితే మాట మార్చారు.

బొటాక్స్ ఫేషియల్ లాంటిది కాదు. బ్యాక్టీరియా నుంచి వచ్చే విషాన్ని అతి చిన్న మోతాదులో కండరంలోకి ఎక్కిస్తారు. నరం చెప్పే మాట కండరానికి అందదు కాబట్టి ముడత పడదు. మూడు నాలుగు నెలలకు మళ్లీ మొదటికే. సూది చోటు తప్పితే కనురెప్ప వాలిపోవచ్చు. ముడతలు పూడ్చడానికి చర్మం కింద ఎక్కించే జెల్ లాంటి ఫిల్లర్లు ఇంకా ప్రమాదం, రక్తనాళంలోకి వెళ్తే చూపు పోయిన వాళ్లూ ఉన్నారు.

చర్మవ్యాధుల డాక్టర్ దగ్గర వేయించుకునేవాళ్లను నేను తప్పుపట్టను. నాకు 48 ఏళ్లు, జుట్టుకు రంగు నేనూ వేస్తాను! ముడతలు మాత్రం మా అమ్మ పోలికే, ఉండనీ అనుకున్నాను. మన ఎండలకు గొడుగు పట్టుకుంటే చాలావరకు మేలు.

జిల్లా వైద్య ఆరోగ్య శాఖ, ఔషధ నియంత్రణ అధికారులు పార్లర్లను తనిఖీ చేసి, డాక్టర్ లేని చోట ఈ సూదులు ఆపించాలి.

- ఒక ఉపాధ్యాయురాలు, నల్లగొండ