పాత అపార్ట్‌మెంట్లలో ఫైబర్‌కు ఉమ్మడి దారి ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరులో దర్గామిట్ట, మాగుంట లేఅవుట్, బాలాజీనగర్, హరనాథపురం ప్రాంతాల్లో ఇరవై, ముప్పై ఏళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. కట్టేనాటికి ల్యాండ్‌లైను, కేబుల్ టీవీ తప్ప మరో తీగ అవసరం ఎవరి ఆలోచనలోనూ లేదు కనుక, వాటిలో ఇంటర్నెట్ కోసం పై అంతస్తుల దాకా గొట్టం అమర్చినవి అరుదు. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం ఏపీ ఫైబర్‌గ్రిడ్ కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్, అంటే వెలుగు రూపంలో సమాచారం మోసే గాజు పోగుల తీగ, లాగింది. ఆ తరవాత ప్రైవేటు సంస్థలూ వీధి వీధికీ వచ్చాయి. ఇప్పుడు చిక్కంతా వీధి స్తంభం నుంచి మూడో అంతస్తులోని ఫ్లాటు దాకా ఉన్న ఆ కాస్త దూరంలోనే ఉంది.

నేనుండే అపార్ట్‌మెంటులో మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన ఒక రేకు పెట్టె ఉంది. ఫైబర్ అక్కడి దాకా వచ్చి ఆగిపోతుంది. పెట్టెలో నెట్‌ను ఇళ్లకు పంచే స్విచ్ అనే పరికరం నుంచి నీలం రంగు లాన్ వైర్లు, అంటే రాగి తీగలు, పిట్టగోడ దాటి, డ్రైనేజీ గొట్టాలకు కట్టిన ప్లాస్టిక్ ట్యాగుల ఆసరాతో, ఒక్కో ఇంటి కిటికీలోకి దిగుతాయి. మన ఎండలకు వాటి తొడుగు పెళుసెక్కి పగులుతుంది, వాన పడితే ఆ పగుళ్లలోకి నీరు చేరుతుంది. కరెంటు పోతే పైనున్న స్విచ్ ఆగిపోతుంది కాబట్టి, ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవారికి కూడా నెట్ ఉండదు. దగ్గర్లో పిడుగు పడితే ఆ రాగి తీగల గుండా వచ్చే విద్యుత్తు ఒకేసారి నాలుగైదు ఇళ్ల రౌటర్లను కాల్చేస్తుంది. వినియోగదారుడు ఫైబర్‌కే డబ్బు కడుతున్నాడు, ఇంట్లోకి వచ్చేది మాత్రం రాగి తీగ.

ఫైబర్‌నే నేరుగా ఫ్లాటులోకి తేవడం పాత భవనంలోనూ సాధ్యమే. జీపాన్ అనే ఫైబర్ పంపిణీ పద్ధతిలో నెట్ సంస్థ కేంద్రం నుంచి వచ్చే ఒక్క పోగును స్ప్లిటర్ అనే చిన్న పరికరం 32 లేదా 64 ఇళ్లకు పంచుతుంది. దానికి కరెంటు అక్కరలేదు. ఆ పోగు మోసే సెకనుకు సుమారు 2.5 గిగాబిట్ల వేగాన్ని అందరూ పంచుకుంటారు. గాజు పోగులో విద్యుత్తు ప్రవహించదు గనుక పిడుగు ప్రమాదం ఆ దారిన రాదు. మూల తిప్పితే ఫైబర్ విరిగిపోతుందన్న భయం చాలామందిలో ఉంది గాని, ఇళ్ల లోపలి వాడకానికని వచ్చిన జీ.657 రకం పోగులు సెంటీమీటరు వ్యాసార్ధంతో వంగినా పనిచేస్తాయి. గోడలు పగలగొట్టనవసరం లేదు. మెట్ల పక్క గోడ వెంట పైదాకా ఒక పీవీసీ గొట్టం, అంతస్తుకో చిన్న పెట్టె అమరిస్తే చాలు. అయితే లిఫ్టు బావిలో మాత్రం ఈ తీగ వేయనివ్వకూడదు. శ్లాబులో వేసిన రంధ్రాలను మంట పైకి పాకకుండా నిరోధక పదార్థంతో మూయించాలి. 2021 నవంబరులో పెన్నా వరద కాలనీల్లోకి ఎలా వచ్చిందో చూసినవాళ్లం కనుక, స్ప్లిటర్ పెట్టెను సెల్లారులో కాకుండా మొదటి అంతస్తు మెట్ల దగ్గర పెట్టించడం మేలు.

అన్నిటికంటే ముఖ్యంగా, ఈ గొట్టమూ అందులోని పోగులూ అసోసియేషన్ సొత్తుగా ఉండాలి. వాచ్‌మన్ గదికీ సీసీ కెమెరాలకూ ఉచిత కనెక్షన్ ఇస్తామని చెప్పి, భవనంలోకి మరెవరినీ రానివ్వవద్దని మాట తీసుకునే ఆపరేటర్లు ఉన్నారు. నెలకు కొన్ని వందలు మిగులుతాయని అన్ని కుటుంబాలనూ ఒకరికే అప్పగించడం నష్టపు బేరమని నా గట్టి అభిప్రాయం. నెట్ రోజుల తరబడి రాకపోయినా మారడానికి మరో దారి లేక, ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునే పిల్లలు ఫోను హాట్‌స్పాట్ పట్టుకుని బాల్కనీల్లో కూర్చోవలసి వస్తోంది. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం మెట్లు, వరండాలు యజమానులందరికీ ఉమ్మడి. అందుచేత ఈ నిర్ణయం సర్వసభ్య సమావేశంలో జరగాలి తప్ప కార్యదర్శీ ఆపరేటరూ మాట్లాడుకుంటే సరిపోదు. భవనాలకు డిజిటల్ సదుపాయాన్ని బట్టి స్టార్ రేటింగ్ ఇచ్చే నిబంధనలను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 అక్టోబరులో తెచ్చింది. అద్దెకు వచ్చేవారు లిఫ్టు, నీళ్లతో పాటు నెట్ సంగతీ అడుగుతున్నారన్నది యజమానులు గమనించాలి.

ఖర్చు ఫ్లాట్లన్నిటికీ పంచితే భవనానికి రంగులు వేయించేదానికంటే తక్కువే అవుతుంది. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న యజమానుల నుంచి వాటా రాబట్టడమే కష్టం. దీన్ని కార్పస్ ఫండ్ నుంచి తీసి, మెయింటెనెన్స్‌లో కొద్దికొద్దిగా జమ చేసుకోవచ్చు. పాత వైర్లు తీసి పారేసే బాధ్యతను కూడా ఒప్పందంలో రాయించాలి; లేకపోతే అవి భవనం ముందు గోడ మీద అలాగే వేలాడుతూ ఉంటాయి.

నెల్లూరు నగరపాలక సంస్థ పట్టణ ప్రణాళికా విభాగం పాత భవనాలకు సరిపోయే ఒక నమూనా పటాన్ని, ఆపరేటర్లతో చేసుకోవలసిన ఒప్పందం నమూనాను తయారు చేసి, తెలుగులో అసోసియేషన్లకు అందజేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైతే గోడ పనులు సాగవు కాబట్టి, ఆ పని అక్టోబరుకు ముందే జరిగితే ఈ ఏడాదే కొన్ని భవనాలైనా మారతాయి.

భవదీయుడు,
ఒక ఫ్లాటు యజమాని,
దర్గామిట్ట, నెల్లూరు.