వార్షికోత్సవంలో జంతువుల ఆటలు ఎందుకు వద్దంటున్నాం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వార్షికోత్సవానికీ, ఆ మర్నాడు జరిగే పిల్లల సంతకూ తరగతులవారీగా మీరు పంపిన ప్రతిపాదనలు చదివాం. వాటిలో చిలక జోస్యం స్టాల్, గుర్రపు స్వారీ, కుందేలుతోనూ పావురాలతోనూ మ్యాజిక్ షో, ప్రారంభంలో తెల్ల పావురాలను ఎగరేయడం ఉన్నాయి. కొండచిలువను మెడలో వేసుకుని ఫొటో దిగే 'పెట్ జోన్' పెడదామని కూడా ఒక తరగతివారు రాశారు. పిల్లల ముచ్చట తీర్చాలనే ఇవన్నీ రాశారని తెలుసు. అయినా వీటిలో దేన్నీ బడి ఆవరణలోకి రానివ్వడం లేదు. వద్దని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవడం సబబు కాదు గనుక ఈ నెల లేఖంతా దీనికే కేటాయిస్తున్నాను.

చిలక జోస్యం మెరీనా ఒడ్డునా గుళ్ళ ముందూ కనిపిస్తుంది కాబట్టి అందులో తప్పేమీ లేదనుకుంటాం. రామచిలుక వన్యప్రాణి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. చెట్టు తొర్రలోంచి రెక్కలు రాని పిల్లను తీస్తారు, ఎగరకుండా ఈకలు కత్తిరిస్తారు. ముక్కుతో కార్డు లాగితే గింజ దొరుకుతుందని దానికి నేర్పుతారు. గింజ కోసం లాగాలంటే అది ఆకలితో ఉండాలి కదా. మనం చూసే ఆట అంతా ఆ ఆకలి మీదే నడుస్తుంది.

మ్యాజిక్ షో గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందులో హింస ఉందని ఎవరికీ తట్టదు. పావురానికి మనలా ఊపిరితిత్తుల కింద ఉదరవితానం (డయాఫ్రమ్) ఉండదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. కోటు లోపలి సంచిలో కదలకుండా బిగించినా, పిల్లలు గుప్పిట్లో గట్టిగా పట్టుకున్నా ముక్కు తెరిచే ఉంటుంది గానీ ఊపిరి ఆడదు. కుందేలుకి చెవుల్లోని రక్తనాళాలే ఒంట్లోని వేడిని బయటికి పంపే ముఖ్యమైన దారి. దానికి చెమట పట్టదు. 30 డిగ్రీలు దాటితేనే అల్లాడిపోతుంది, చెన్నైలో షామియానా కింద, లైట్ల వేడిలో దాని పరిస్థితి ఊహించండి. చెవులు పట్టుకుని టోపీలోంచి పైకి తీసినప్పుడు అది వెనక కాళ్ళతో తన్నుకుంటుంది. ఎముకలు చాలా తేలిక, తొడ కండరాలేమో బలమైనవి. ఆ ఒక్క తన్నుతో నడుము దగ్గర వెన్నెముక విరగవచ్చు. విరిగితే వెనక భాగం చచ్చుబడుతుంది. ఇక వెల్లకిలా పడుకోబెట్టి 'నిద్రపుచ్చే' విద్య ఉంది చూశారా, అది నిద్ర కాదు. పులి నోట్లో పడ్డ జంతువు బిగుసుకుపోయే భయస్థితి. పిల్లలు చప్పట్లు కొట్టేది సరిగ్గా అక్కడే. ఈ విషయం తెలిశాక కూడా వాళ్ళ చేత ఆ చప్పట్లు కొట్టించడం నాకు చేతకాదు.

ఎగరేయడానికి తెచ్చే తెల్ల పావురాల్లో, గువ్వల్లో చాలావాటికి ఇల్లు వెతుక్కుంటూ తిరిగొచ్చే శిక్షణ ఉండదు. పంజరంలో పుట్టి పెరిగినవి కావడంతో మేత వెతుక్కోవడం రాదు. పైగా తెల్లరంగు గద్దలకు, కాకులకు దూరం నుంచే కనబడుతుంది.

గుర్రం మీద పిల్లవాడి బరువు సమస్య కాదు. ఆరోగ్యంగా ఉన్న గుర్రం తన బరువులో ఐదో వంతు దాకా మోయగలదు. గంటల తరబడి నీళ్ళు లేకుండా ఎండలో తిప్పడం, జీను పట్టీ ఒరుసుకుని పొట్ట కింద పుండు పడడం, నోట్లో ముళ్ళ కళ్ళెం పెట్టడం, వీటితోనే బాధంతా. బండ్లు లాగే, బరువులు మోసే పశువుల కోసం 1965లో చేసిన నియమాలు రోజుకు 9 గంటలు, విరామం లేకుండా 5 గంటలు మించి పని చేయించకూడదంటాయి. 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా వద్దంటాయి. ముళ్ళ కళ్ళేన్ని పూర్తిగా నిషేధిస్తాయి. స్టాల్ నడిపే మధ్యాహ్నాల్లో ఇవన్నీ పాటించేలా చూసే మనుషులు మన దగ్గర లేరు.

కొండచిలువ ఫొటో సంగతి. మన దేశపు కొండచిలువ అయితే అది వన్యప్రాణి చట్టంలో అత్యధిక రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జంతువు, ఇక చర్చే లేదు. విదేశీ జాతి అయితే 2024 నియమాల ప్రకారం యజమాని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకుని ఉండాలి. కాగితాలు సరిగ్గా ఉన్నా, వరసగా వంద చేతులు తాకుతుంటే పాము తట్టుకోలేదు. తాకిన చేతులకు కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అంటుకోవచ్చు, అదే చేత్తో పక్క స్టాల్లో బజ్జీ తింటారు.

ఈ చట్టాలకు మన ఊరితో దగ్గరి చుట్టరికం ఉంది. కళాక్షేత్ర నాట్య విద్యాసంస్థ స్థాపకురాలు రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టిన ఫలితమే 1960 నాటి జంతు హింస నివారణ చట్టం. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలూ ఆవిడే, చాలాకాలం ఆ బోర్డు కార్యాలయం చెన్నైలోనే నడిచింది. ఆ చట్టం కిందే కేంద్రం 1998లో ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహాలను ఆడించకూడదని ప్రకటించింది. సర్కస్ యజమానులు కోర్టుకెళ్ళారు. 2001 మే 1న సుప్రీంకోర్టు ఆ ప్రకటనను నిలబెట్టింది. 2011లో ఎద్దును కూడా ఆ జాబితాలో చేర్చారు. జల్లికట్టుకు తమిళనాడు 2017లో వేరే సవరణ చేసుకుంది, 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది. ఆ వాదన ఇంకా చాలా ఇళ్ళలో నడుస్తూనే ఉంది, ఈ లేఖలో దానికి చోటు లేదు.

ఎద్దు అనగానే సంక్రాంతి గంగిరెద్దు గుర్తొస్తుంది. గంగిరెద్దులవాళ్ళను ఇక్కడ తమిళంలో 'బూంబూం మాట్టుక్కారర్' అంటారు, వాళ్ళ ఇంటిభాష తెలుగే. వాళ్ళ పొట్ట కొట్టే ఉద్దేశం మాకు లేదు, వాళ్ళ కళను పోగొట్టుకోవాలనీ లేదు. సంక్రాంతి కార్యక్రమానికి డోలు, సన్నాయి, పాటలతో వాళ్ళను పిలుస్తున్నాం. బసవన్న వేషం ఇద్దరు పిల్లలు కడతారు. ముకుతాడు లాగితే తల ఊపే ఎద్దు ఉండదు. ఎద్దు లేదన్న కారణంతో సంభావన ఒక్క రూపాయి కూడా తగ్గించం. సంతలో చిలక స్టాలుకు బదులు తోలుబొమ్మలాట ఉంటుంది. పాములు చూపించాలన్న తరగతివారికి చెన్నై దగ్గరి వడనెమ్మేలికి యాత్ర ఏర్పాటు చేస్తున్నాం. అక్కడ మద్రాసు మొసళ్ళ బ్యాంకు ఆవరణలో, పాములు పట్టడంలో నేర్పరులైన ఇరులర్ గిరిజనుల సహకార సంఘం (1978లో మొదలైంది) వారు పాము విషం తీసే పని చూడవచ్చు. కోరలు పీకరు, మూతి కుట్టరు. విషం తీశాక, నిర్ణీత గడువు ముగియగానే పాముల్ని అడవిలో వదిలేస్తారు. విరుగుడు మందు తయారీకి వెళ్ళే విషం అది.

ఇంట్లో పుట్టినరోజు పండుగలకు ఈవెంట్ వాళ్ళతో మాట్లాడేటప్పుడు జంతువులు ఉంటాయా అని మీరే ముందు అడగండి. అడక్కపోతే ఆ రోజు పొద్దున బుట్టలో తెచ్చేస్తారు, అప్పుడు పిల్లల ముందు వద్దనడం కష్టం. ఉంటాయంటే జంతు సంక్షేమ బోర్డు నమోదు పత్రం చూపించమనండి. 2001 నియమాల ప్రకారం ఆడించే జంతువుకు అది తప్పనిసరి. పత్రంలో రాసిన జంతువు, చేయించే ఆట, ఎదురుగా ఉన్నవాటితో సరిపోవాలి. వేరే ఊరి సర్కసు పేరు మీదున్న జిరాక్స్ కాపీ చూపిస్తే ఒప్పుకోకండి. రంగు వేసిన కోడిపిల్లల్ని రిటర్న్ గిఫ్టుగా ఇవ్వకండి. మొదటి వారంలో వాటికి 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, అట్టపెట్టెలో, ఏసీ గదిలో మూడో రోజుకే వాలిపోతాయి.

ఎక్కడైనా చిలకలనో కోతులనో ఆడిస్తుంటే వాళ్ళతో గొడవకు దిగకుండా, చోటు, సమయం రాసి, ఫొటో తీసి గిండీలోని వన్యప్రాణి వార్డెన్ కార్యాలయానికి తెలపండి. గాయపడ్డ పెంపుడు జంతువైతే బ్లూ క్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థకు చెప్పండి.

మార్చిన ప్రతిపాదనలు ఈ నెలాఖరులోగా తరగతి ఉపాధ్యాయులకు అందజేయండి. తోలుబొమ్మలకు తెర కట్టడానికి తెల్ల పంచెలు నాలుగు, రెండు ఫోకస్ లైట్లు కావాలి. ఇవ్వగలిగినవారు ఆఫీసులో పేరు రాయించగలరు.

ఇట్లు
ప్రధానోపాధ్యాయురాలు