చెల్లి పెళ్లి ఫొటోగ్రాఫర్: ఆదివారం తప్పక రండి

అందరికీ నమస్కారం. ఆదివారం ఉదయం 10 గంటలకు అమలాపురం ఇంట్లో ఫొటోగ్రాఫర్‌ను ఖాయం చేసుకుందాం. ముగ్గురు ఫొటోగ్రాఫర్లు వస్తున్నారు.

ఏరి చూపించే పది ఫొటోలకు మురిసిపోవద్దు. ఒకే పెళ్లి ఆల్బమ్ మొదటి నుంచి చివరి దాకా చూడాలి. మన ముహూర్తం అర్ధరాత్రి దాటాక. జీలకర్ర బెల్లం పెట్టి తెర తీసే క్షణం మళ్లీ రాదు. అందుకే రాత్రి పెళ్లిళ్ల ఫొటోలే ముందు అడుగుదాం. కొబ్బరిచెట్ల మధ్య వేసే పందిరికి డ్రోన్ ఖర్చు అనవసరమని నా అభిప్రాయం.

పిన్నీ, అత్తయ్యా, తప్పక ఫొటో తీయించవలసిన పెద్దల పేర్లు శుక్రవారంలోగా ఇక్కడ రాయండి. తాతయ్య మండపం ఎక్కలేరు, వధూవరులే ఆయన కుర్చీ దగ్గరికి వెళ్లాలి.

బావగారూ, రావులపాలెం నుంచి వచ్చేటప్పుడు మీ పెళ్లి ఆల్బమ్ తీసుకురండి.

పెళ్లినాడు స్వయంగా ఎవరు వస్తారో, ఆల్బమ్ ఎప్పుడిస్తారో కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు. రాలేనివారు శనివారం రాత్రిలోగా చెప్పండి.