అన్నిటికీ ఒకటే రేటు అన్నారు, ఏడాది తిరక్కుండానే మాట మార్చారు

తెనాలి,
2025 ఆగస్టు 4.

ప్రిన్సిపల్ నోడల్ ఆఫీసర్ గారికి,
క్రెడిట్ కార్డుల విభాగం.

విషయం: వార్షిక రుసుము లేదని, అన్ని ఖర్చుల మీదా ఒకటిన్నర శాతం క్యాష్‌బ్యాక్ వస్తుందని చెప్పి ఇచ్చిన కార్డు మీద రుసుము వేయడం, క్యాష్‌బ్యాక్ ఎగ్గొట్టడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

నేను తెనాలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. జూలై 14న మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. మూడో రోజున 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది' అని ఎస్సెమ్మెస్ వచ్చింది. ఏం పరిష్కరించారో అందులో లేదు, డబ్బూ వెనక్కి రాలేదు. మళ్ళీ రెండుసార్లు చేశాను. రెండోసారి ఇరవై రెండు నిమిషాలు లైన్లో ఉన్నాక మాట్లాడిన అమ్మాయి, పాపం మర్యాదగానే, "సిస్టమ్‌లో అలాగే ఉంది మేడమ్" అంది. ఆ సిస్టమ్ గురించి జవాబు చెప్పగలిగినవాళ్ళు మీరేనని తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కార్డు ఎలా ఇచ్చారో ముందు చెప్పాలి. 2024 జూన్ నెలాఖరులో, బడులు తెరిచిన కొత్తలో, మీ ప్రతినిధి మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టాక మా స్టాఫ్ రూముకి వచ్చాడు. అప్పటికే నేను ఒక కార్డు తీసుకుందామని చూస్తున్నాను. మా పాప ఇంజనీరింగ్‌లో చేరుతోంది, ఇంటి ఖర్చంతా ఒకేచోట కనిపిస్తే జమాఖర్చులు రాసుకోవడం తేలికని నా ఆలోచన. రెండు కార్డుల వివరాలు తెల్లకాగితం మీద రాసుకుని కూడా ఉన్నాను. ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డుకి ఆన్‌లైన్ కొనుగోళ్ళ మీద 5 శాతం, దుకాణాల్లో 1 శాతం. ఏడాదికి 999 రూపాయలు, పైన జీఎస్టీ. రెండు లక్షలు ఖర్చు పెడితే ఆ రుసుము తిరిగి ఇస్తారు. అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుకి వార్షిక రుసుము లేదు. అమెజాన్‌లో కొంటే వాళ్ళ ప్రైమ్ సభ్యత్వం ఉన్నవాళ్ళకి 5, లేనివాళ్ళకి 3 శాతం, బయటి దుకాణాల్లో 1 శాతం. రెండూ ఆన్‌లైన్లో ఎక్కువ కొనేవాళ్ళకి పనికొచ్చేవి. నా కొనుగోళ్ళలో ముప్పాతిక వంతు తెనాలి బజార్లోనే. మీవాడు "మాది అన్నిటికీ ఒకటే రేటు మేడమ్, ఒకటిన్నర శాతం" అనగానే నేను ఆగింది అందుకే.

ఆగి మూడు ప్రశ్నలు వేశాను. నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే జవాబులు అతని చేతనే బ్రోషర్ మీద రాయించాను. దేనిమీద రాదు? "పెట్రోలు ఒక్కటే మేడమ్, అది ఎవరూ ఇవ్వరు." కాలేజీ ఫీజుకి వస్తుందా? "దేనికి గీకినా వస్తుంది." ఏడాది ఫీజు? "లైఫ్ టైమ్ ఫ్రీ. మీరు రూపాయి కట్టక్కర్లేదు." నీలం బాల్ పెన్నుతో '1.5% ఆల్, పెట్రోల్ నో, ఎల్‌టీఎఫ్' (అంటే లైఫ్ టైమ్ ఫ్రీ) అని రాసి కింద గీత గీశాడు. ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది, నకలు జతచేస్తున్నాను. అదే బ్రోషర్ మీద 1.5% పక్కన ఒక చుక్క గుర్తు ఉంది. దాని వివరణ కాగితం వెనక అడుగున, మడత పడేచోట ఉంది. 'ఎంపిక చేసిన విభాగాలకు వర్తించదు' అని. ఏ విభాగాలో అక్కడ లేదు. మొన్న భూతద్దం పెట్టి చూస్తే గానీ అది నా కంటికి ఆనలేదు.

దరఖాస్తు అంతా అతని ట్యాబ్‌లోనే నింపాడు. నా ఫోనుకొచ్చిన ఓటీపీ చెప్పాను, పది నిమిషాల్లో అయిపోయింది. రిజర్వ్ బ్యాంక్ 2022 ఏప్రిల్ 21న ఇచ్చిన క్రెడిట్ కార్డు ఆదేశాల ప్రకారం దరఖాస్తుతోపాటు వడ్డీ, ఛార్జీలు వగైరా ఉన్న ఒక పేజీ కీలక వివరాల పత్రం నాకు ఇవ్వాలి. ముఖ్యమైన నిబంధనలు విడిగా పంపాలి. ఆ ఒక్క పేజీ ఆ రోజు నా చేతికి వచ్చి ఉంటే ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు. నేను చదవని మనిషిని కాను.

ఇక లెక్క. 2024 జూలై నుంచి 2025 జూన్ వరకు పన్నెండు స్టేట్‌మెంట్లు ముందేసుకుని ఒక్కో పద్దూ కూడాను. మొత్తం 2,86,000 రూపాయలు. అందులో కిరాణా, కూరగాయలు, పాలు 78,000. మందులు, బట్టలు, ఆన్‌లైన్లో కొన్నవి 47,000. పాప కాలేజీ ఫీజు 65,000. కరెంటు, గ్యాస్, ఫోను, ఇంటర్నెట్ 41,600. బీమా ప్రీమియం 36,400. స్కూటర్ పెట్రోలు 18,000. పెట్రోలుకి రాదని మీవాడు ముందే చెప్పాడు కాబట్టి అది తీసేస్తున్నాను. మిగిలిన 2,68,000 మీద ఒకటిన్నర శాతమంటే 4,020 రూపాయలు.

మీరు జమ చేసింది 1,612.

కాలేజీ ఫీజుకి సున్నా. కరెంటు, గ్యాస్, ఫోను, ఇంటర్నెట్లకి సున్నా. బీమాకి సున్నా. ఈ మూడే నా ఖర్చులో సరిగ్గా సగం. మధ్యతరగతి ఇంట్లో పెద్ద మొత్తాలు వెళ్ళేది వీటికే. సినిమాలకీ హోటళ్ళకీ కాదు. వీటిని తీసేశాక దాన్ని 'అన్నిటికీ ఒకటే రేటు' అనడం ఎలా కుదురుతుంది? దుకాణాల మెషీన్లకి వ్యాపారాన్ని బట్టి నాలుగంకెల కోడ్ ఉంటుందని, కరెంటు, నీళ్ళు, గ్యాస్‌లకి 4900, బడులకి 8211, బీమాకి 6300 అని, వాటిని చూసి మీ కంప్యూటర్ ఇవ్వాలో వద్దో నిర్ణయిస్తుందని మీ కస్టమర్ కేర్‌లో మూడోసారి మాట్లాడినాయన చెప్పాడు. తెలిసింది, సంతోషం. కానీ కార్డు గీకే ముందు ఆ కోడ్ నాకెలా కనపడుతుంది?

ఆ కాలేజీ ఫీజు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కాలేజీ వెబ్‌సైట్లో యూపీఐతో కడితే అదనంగా ఏమీ లేదు. క్రెడిట్ కార్డుకి 1 శాతం కన్వీనియెన్స్ ఫీజు, అంటే 650, దాని మీద జీఎస్టీ 117, మొత్తం 767 రూపాయలు. మీరు 975 క్యాష్‌బ్యాక్ ఇస్తారు కదా, 208 మిగులుతుందని లెక్కగట్టి కార్డుతో కట్టాను. 975 రాలేదు, 767 పోయింది. మా ఆయన "ఫోన్లో కట్టేస్తే పోయేది కదా" అన్నారు. ఈ 767 మీ దగ్గర అడగడం లేదు, అది కాలేజీవాళ్ళకి పోయింది. మీ మాట నమ్మి కట్టానని మాత్రం మీరు తెలుసుకోవాలి.

క్యాష్‌బ్యాక్ వచ్చినవాటి లెక్కా సరిగ్గా లేదు. 1,25,000 మీద 1,875 రావాలి, 263 తక్కువ వచ్చింది. ఎందుకా అని ఒక్కో బిల్లూ పట్టి చూశాను. మార్చి నెలలో ఒక కిరాణా బిల్లు 193 రూపాయలు. ఒకటిన్నర శాతమంటే 2 రూపాయల 90 పైసలు రావాలి. పడింది రూపాయిన్నర. అంటే నిండు వందకే లెక్క, పైన ఉన్న 93కి లేదు. 99 రూపాయల పాల బిల్లుకి అసలు ఏమీ లేదు. ఏడాదిలో మూడొందల పైచిలుకు బిల్లులు, ఒక్కోదాని మీద రూపాయో ముప్పావలానో ఇలా పోయింది. మా ఆరో తరగతి పిల్లలకి శాతాలు చెప్పేటప్పుడు 193లో ఒకటిన్నర శాతం ఎంత అని అడిగితే రూపాయిన్నర అని రాసినవాడికి నేను తప్పు పెడతాను.

పడిన 1,612 కూడా నాకు అందలేదు. 500 చొప్పునే తీసుకోవాలట. జూన్‌లో 1,500 తీసుకుంటే, అలా తీసుకున్నందుకు రిడెంప్షన్ ఫీజని 99, జీఎస్టీతో 116 రూపాయల 82 పైసలు కోశారు. మిగిలిన 112 రూపాయలు ఐదొందలు అయ్యేదాకా మీ దగ్గరే ఉంటాయి. ఈ రుసుము నేను కార్డు తీసుకున్నప్పుడు లేదు. 2024 డిసెంబర్ 1 నుంచి అమలని నవంబర్ 26న ఎస్సెమ్మెస్ పంపారు. నడుమ ఐదు రోజులు. ఛార్జీలు మార్చాలంటే కనీసం నెల రోజుల ముందు తెలియజేయాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశంలో ఉంది.

జూలై స్టేట్‌మెంట్‌లో వార్షిక రుసుము 499, జీఎస్టీ 89.82, కలిపి 588 రూపాయల 82 పైసలు కనపడింది. అడిగితే మొదటి ఏడాదే ఉచితమట. ఆ తర్వాత కట్టకుండా ఉండాలంటే ఏడాదికి లక్షా యాభై వేలు 'అర్హమైన ఖర్చు' ఉండాలట. నేను 2,86,000 ఖర్చు పెట్టాను కదా అంటే, ఫీజులు, బీమా, కరెంటు, పెట్రోలు లెక్కలోకి రావు, మీది 1,25,000 మాత్రమే అన్నారు. అంటే ఏ ఖర్చులకి క్యాష్‌బ్యాక్ ఎగ్గొట్టారో అవే ఖర్చుల్ని పక్కన పెట్టి రుసుము కూడా వేశారు. ఒకే మినహాయింపుతో రెండుసార్లు నష్టపరిచారు. నాకు అన్నిటికంటే బాధనిపించింది ఇదే. ఉచితంగా ఇచ్చే కార్డుల్లో దాచిన ఛార్జీలు ఉండకూడదని అదే ఆదేశం చెబుతోంది.

1,500లోంచి 116.82, 588.82 పోగా నాకు మిగిలింది 794 రూపాయల 36 పైసలు. 2,68,000 మీద చూస్తే నూటికి ముప్పై పైసలు కూడా లేదు. మీరు చెప్పింది నూటికి నూట యాభై పైసలు.

ఏడాది పొడుగునా ఒక్క నెల కూడా నేను గడువు దాటించలేదు. మీ వడ్డీ నెలకి 3.5 శాతం. ఒక్క నెల 25,000 బాకీ ఉంచుకున్నా వడ్డీ 875, జీఎస్టీతో 1,032 రూపాయల 50 పైసలు. ఇలాంటి కార్డు లాభించాలంటే ప్రతి నెలా మొత్తం కట్టేయాలి, నేను అలాగే చేశాను. వివాదంలో ఉన్న ఆ 588.82 కూడా, అప్పులు సరిగ్గా తీరుస్తున్నామా లేదా చూపే సిబిల్ స్కోరు మీద మచ్చ పడకూడదని, నిరసన తెలియజేస్తూనే కట్టాను. కట్టాను కాబట్టి ఒప్పుకున్నానని అనుకోవద్దు.

ఇంకొక విషయం ఉంది, అది రూపాయల్లో తేలేది కాదు. ఆ రోజు స్టాఫ్ రూములో నేను వేసిన లెక్క చూసి మరో ఐదుగురు ఈ కార్డు తీసుకున్నారు. నల్లబల్ల మీద సుద్దముక్కతో వేసి చూపించింది నేనే. లక్ష ఖర్చు పెడితే ఒక శాతం కార్డుకి వెయ్యి, దీనికి పదిహేను వందలు, పైన ఫీజు లేదు, కళ్ళు మూసుకుని తీసుకోవచ్చన్నాను. మా తెలుగు మాస్టారు వచ్చే ఏడాది రిటైర్ అవుతారు. ఆయనెప్పుడూ క్రెడిట్ కార్డు ముట్టుకోలేదు, నేను చెప్పానని తీసుకున్నారు. ఇంట్లో అమ్మగారి ఆరోగ్య బీమాకి 48,000 ఈ కార్డుతోనే కట్టారు. 720 రూపాయలు వస్తాయనుకున్నారు, ఏమీ రాలేదు. పోయిన నెల ఆయన నా దగ్గరికొచ్చి స్టేట్‌మెంట్ చూపించి, "అమ్మా, మన లెక్క ఎక్కడ తప్పింది?" అని అడిగారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగారు. ఇరవై ఒక్క ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. ఆయనకి ఏం చెప్పాలో తోచలేదు. తప్పింది లెక్క కాదు, మీరిచ్చిన అంకె.

నేను కోరేది ఇది. వార్షిక రుసుము 588.82, రిడెంప్షన్ రుసుము 116.82 వెనక్కి ఇవ్వాలి. చెప్పిన రేటు ప్రకారం రావలసిన మిగతా క్యాష్‌బ్యాక్ 2,408, మీ దగ్గర ఉండిపోయిన 112 నా ఖాతాలో వేయాలి. మొత్తం 3,225 రూపాయల 64 పైసలు. మా బడిలో మిగతా ఐదుగురి లెక్కలు కూడా ఇలాగే సరిచేయాలి. వాళ్ళ సంతకాలతో విడి ఉత్తరాలు దీనితోనే పంపుతున్నాను. బ్రోషర్‌లో చుక్క గుర్తు పెట్టి వదిలేయకుండా, దేనికి రాదో 1.5% కిందనే, అదే సైజు అక్షరాల్లో, తెలుగులో అచ్చు వేయించాలి. ఎస్‌బీఐవాళ్ళ కార్డుకీ మినహాయింపులు ఉన్నాయి, కానీ వాళ్ళ వెబ్‌సైట్లో వరసగా పేర్లతో రాసి ఉంటే నేనే చదువుకున్నాను. మినహాయింపులు ఉన్నందుకు కాదు నా ఫిర్యాదు, వాటిని చెప్పకుండా అమ్మినందుకు.

స్టాఫ్ రూముకి వచ్చిన ఆ అబ్బాయి మీద చర్య తీసుకోమని అడగడం లేదు. పాతికేళ్ళు కూడా ఉండవు అతనికి, నెలకిన్ని కార్డులని టార్గెట్ ఉంటుందని తనే చెప్పాడు. అతనికి నేర్పి పంపింది మీరు.

జూలై 14న నేను చేసిన ఫిర్యాదుకి ఆగస్టు 13తో ముప్పై రోజులు నిండుతాయి. అప్పటికి లిఖితపూర్వకంగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేస్తాను. కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. డబ్బు జమ అయిన రోజునే కార్డు రద్దు చేయమని విడిగా రాసిస్తాను. బాకీ లేని కార్డుని అడిగిన ఏడు పనిదినాల్లో మూసేయాలని, దాటితే రోజుకి 500 చొప్పున నాకు చెల్లించాలని ఆదేశంలో ఉన్నది మీకు తెలిసే ఉంటుంది.

ఇట్లు,
మీ కార్డుదారు,
లెక్కల టీచర్, తెనాలి.

జతపరచినవి: బాల్ పెన్ను రాత ఉన్న బ్రోషర్ నకలు, రెండు వైపులా, పదమూడు స్టేట్‌మెంట్లు, 2024 నవంబర్ 26 నాటి ఎస్సెమ్మెస్ ఫొటో, కాలేజీ ఫీజు రశీదు, ఐదుగురు ఉపాధ్యాయుల ఉత్తరాలు.