సంక్రాంతి రాత్రి మా ఇంట్లో బ్రెగ్జిట్ గొడవ

గుంటూరు, 17-1-2019

ఒరేయ్ సీనూ,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర అయింది, సారీరా, రేపు రాద్దాం రేపు రాద్దాం అనుకుంటూనే పండగొచ్చేసింది. అమ్మ మోకాళ్ళు పర్లేదు, నాన్న మిర్చి యార్డుకి వెళ్తూనే ఉన్నాడు, సంబంధం సంగతి ఇంకెప్పుడన్నా చెప్తా. ఇది మాత్రం ఇప్పుడే చెప్పాలి.

బ్రిటన్‌లోని లెస్టర్ నుంచి అక్కా బావా వచ్చారు. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికెళ్ళాలా (అదే బ్రెగ్జిట్) అని 2016లో వాళ్ళు జనాన్నే ఓటు అడిగారు కదా, ఆ రెఫరెండంలో అక్కడుంటున్న మన ఇండియన్ పాస్‌పోర్టు వాళ్ళకీ ఓటుందిరా, మనది కామన్‌వెల్త్ దేశం కదా అని. బావ యూరప్ నుంచి బయటికెళ్ళాలని వేశాడు, యూరప్ వాళ్ళకి వీసానే అక్కర్లేదు, మనం మాత్రం ప్రతిసారీ ఫీజులు కట్టి చావాలా అని ఆయన బాధ. అక్క ఉండాలని వేసింది. ఒకే ఇంట్లో రెండు ఓట్లు!

పండగ రాత్రి బావ ఫోన్‌ని చెంబుకి ఆనించి వాళ్ళ పార్లమెంటు లైవ్ పెట్టాడు. మనకి ఒంటిగంట దాటాక రిజల్ట్ వచ్చింది, ఎలా బయటికెళ్ళాలో యూరప్‌తో వాళ్ళ ప్రధాని థెరిసా మే కుదుర్చుకున్న ఒప్పందానికి అనుకూలం 202, వ్యతిరేకం 432. బావ మొహం చూడాలి, సూర్యలంకలో చెప్పు పోయిన రోజు నీ మొహమే. మార్చి 29కి బయటికెళ్ళాలి, ఎలా వెళ్ళాలో ఎవడికీ తెలీదు.

అప్పుడందుకున్నాడు బాబాయ్, సివిక్స్ మాస్టారు కదా. ఆ రెఫరెండం చట్టంలో ఫలితం అమలు చేసి తీరాలని ఎక్కడా లేదు, పార్లమెంటు చట్టం చేస్తేనే కుదురుతుందని 2017లో వాళ్ళ సుప్రీంకోర్టు కూడా చెప్పింది, 52కి 48 కూడా ఒక తీర్పేనా, స్కాట్లండ్‌లో 62 శాతం ఉంటామన్నారు, వాళ్ళ మాటేంటి అన్నాడు. 1979లో స్కాట్లండ్‌కి సొంత అసెంబ్లీ కావాలా అని అడిగితే ఓటేసినవాళ్ళలో సగం పైనే కావాలన్నా ఇవ్వలేదు తెలుసా అన్నాడు. నేనూరుకోలేదు, మొత్తం ఓటర్లలో 40 శాతం రావాలని అప్పుడు ముందే షరతు పెట్టారు బాబాయ్, ఈసారి ఏ షరతూ పెట్టలేదు, ఆట అయిపోయాక రూల్ మారిస్తే ఎలా అన్నా. కోటీ 74 లక్షల మంది వేశార్రా, చిన్న సంగతా!

అక్క అప్పటిదాకా అరిసె ముక్క చేతిలో పట్టుకుని తినకుండా కూర్చుంది. మెల్లగా, "బాబాయ్, 2014 జనవరిలో మన అసెంబ్లీ విభజన బిల్లు వద్దంది. ఆర్టికల్ 3 ప్రకారం అది ఉత్త అభిప్రాయమేనని ఫిబ్రవరిలో ఢిల్లీలో పాస్ చేసేశారు. ఆ రోజు నువ్వు అన్నం ముట్టలేదు, గుర్తుందా?" అంది.

ఎవరం మాట్లాడలేదురా. బాబాయ్ కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకుంటూనే ఉన్నాడు. ఓడిపోయింది అక్క, కానీ గెలిచినవాళ్ళ మాట చెల్లాలంటోంది, పిలిచి అడిగారు కాబట్టి చెయ్యాలి అంటోంది. తమాషా ఏంటంటే, ఈ పద్ధతిలో వద్దు, ఇంకోసారి అడగాల్సిందే అన్నది బావ! వెళ్ళాలా అని అడిగారే గానీ బ్రిటన్‌లో ఉన్న ఉత్తర ఐర్లండ్‌కీ, యూరప్‌లోనే ఉండే ఐర్లండ్‌కీ మధ్య బోర్డర్ ఏం చేస్తారో అడగలేదు, నాకు తెలిస్తే వేసేవాణ్ణా అంటాడు. అదీ నిజమే అనిపించింది నాకు. చెయ్యాలి, కానీ ఎలా చెయ్యాలో మళ్ళీ అడిగితే అది మాట తప్పడమా? రెండు రోజులుగా ఇదే ఆలోచన, నువ్వుంటే ఏమనేవాడివో

అదిగో, కారొచ్చింది, వీళ్ళని గన్నవరంలో దింపాలి. బావ డిక్కీలో పచ్చడి జాడీ ఎక్కడ పెట్టాలని అరుస్తున్నాడు. వెంటనే రాయి.

నీ
రమణ